ఆక్టావియా ఆర్‌ఎస్ ఈసీయూ ఫైల్ డైరీ: ఎవరో కలిపిన మూడు డిగ్రీలు

ఫిబ్రవరి 16, 2025, ఆదివారం

ముందు బండి సంగతి. 2005 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్, 1.8 టర్బో పెట్రోల్, కంపెనీ లెక్కలో 150 హార్స్‌పవర్. నేను మూడో ఓనర్‌ని. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్నాను. బానెట్ మీద రంగు వెలిసిపోయింది, ఏసీ వెంట్ ఒకటి విరిగింది, అయినా ఈ ఇంజిన్ అంటే నాకు ప్రాణం.

కష్టం ఏంటంటే, మూడో గేర్‌లో 3,000 ఆర్‌పీఎమ్ దాటాక బండి బాగా లాగుతూ లాగుతూ ఉన్నట్టుండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపినట్టు తగ్గుతుంది, ఒక క్షణం ఆగి మళ్లీ లాగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పెద్దగా తెలియదు, మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసుకుని వెళ్తే ప్రతిసారీ వస్తుంది. ఇద్దరికి చూపించాను, ఇద్దరూ టర్బో పోయింది మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. నీలం పొగ లేదు, పైపు విప్పి వేలితో కదిపి చూస్తే షాఫ్ట్ ఊగడం లేదు, ఆయిల్ తాగడం లేదు. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగడం లేదు, అదే ఇంకా అనుమానం. ఇరవై ఏళ్ల బండిలో ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా లేదంటే నేను సంతోషించలేను.

ఏదైనా విప్పి మార్చే ముందు ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ లోపల ఏముందో చదివి చూద్దామని ఈ పని మొదలుపెట్టాను.

మార్చి 2

ఇందులో ఉన్నది బాష్ ఎంఈ7.5. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ మూత తీస్తే, వాన నీళ్లు పారే తొట్టిలో అల్యూమినియం డబ్బాలా ఉంటుంది. ప్రోగ్రామూ, ఎప్పుడు ఎంత ఇంధనం, ఎప్పుడు స్పార్క్ అని చెప్పే పట్టికలూ (మ్యాపులు) అన్నీ 29ఎఫ్800 అనే ఫ్లాష్ చిప్‌లో ఉంటాయి, సరిగ్గా 1 మెగాబైటు, అంటే 10,48,576 బైట్లు. సరైన తాళం లేకుండా బండి నడవకుండా ఆపే ఇమ్మొబిలైజర్ వివరాలు మాత్రం వేరే చిన్న చిప్‌లో, 512 బైట్లలో ఉంటాయి. ఈ రెండూ వేరని ముందే తెలుసుకోవడం మంచిది, ఎందుకో కింద చెప్తాను.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: బండితో వచ్చిన ఈసీయూలో ఒక్క బైటు కూడా రాయను. చెన్నైలో ఉండే స్నేహితుడికి నా ఈసీయూ స్టిక్కర్ ఫొటో పంపితే, పుదుపేట పాత సామాన్ల షాపుల్లో రెండు వారాలు తిరిగి అదే నంబర్ ఉన్నది పట్టాడు. 06ఏ 906 032తో మొదలయ్యే నంబర్, చివరి అక్షరాలతో సహా ఒకటే. చివరి అక్షరం తేడా ఉన్నా లోపల సాఫ్ట్‌వేర్ వేరే అయి ఉండొచ్చు, అందుకే వాడిని అంత తిప్పాల్సి వచ్చింది.

బండి డయాగ్నస్టిక్ పోర్టుకి ఓబీడీ కేబుల్ పెట్టి, ఈసీయూని చదివి రాసే నెఫ్‌మోటో ఫ్లాషర్ సాఫ్ట్‌వేర్‌తో నా ఈసీయూని రెండుసార్లు చదివాను. రెండు ఫైళ్లూ బైటు తేడా లేకుండా ఒకటే వచ్చాకే చదవడం సరిగ్గా జరిగినట్టు. తర్వాత చెన్నై నుంచి వచ్చినదాన్ని టేబుల్ మీద 12 వోల్టుల సప్లై ఇచ్చి చదివాను. ఫైళ్లన్నిటికీ తేదీ వేసి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ పెట్టాను.

మార్చి 9

ఈరోజు సగం పూట వృథా అయింది, కానీ నేర్చుకున్నది చాలా ఉంది.

ఫైల్ ఎడిట్ చేయడానికి వాడుతున్నది ట్యూనర్‌ప్రో. ఫైల్ అంటే వట్టి బైట్ల వరస, అందులో ఏ చిరునామా దగ్గర ఏ మ్యాప్ ఉందో, ఎన్ని వరసలు ఎన్ని నిలువులో, బైటుని దేంతో గుణిస్తే అసలు విలువ వస్తుందో చెప్పే డెఫినిషన్ ఫైల్ వేరుగా ఉండాలి. నాకు దొరికిన డెఫినిషన్ ఇదే ఇంజిన్ కుటుంబంలో ఇంకో వెర్షన్‌ది. దాంతో ఇగ్నిషన్ టైమింగ్ మ్యాప్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు కొట్టాలో చెప్పేది) తెరిస్తే 3డీ గ్రాఫ్‌లో పగిలిన గాజు ముక్కల్లా వచ్చింది, ఒక గడిలో 40 డిగ్రీలు, పక్క గడిలో మైనస్ 70. ఏ ఇంజిన్ టైమింగూ అలా ఉండదు. అసలు మ్యాప్ దుప్పటి పరిచినట్టు నున్నగా ఉంటుంది, లోడ్, అంటే సిలిండర్లోకి వెళ్లే గాలి, పెరిగేకొద్దీ మెల్లగా కిందికి దిగుతుంది.

వెర్షన్ మారితే చిరునామాలు జరుగుతాయి. ఎంత జరిగాయో కనుక్కోవడానికి ఆర్‌పీఎమ్ వరసని వెతికాను. ఈ మ్యాప్ పక్కన ఆర్‌పీఎమ్‌లు ఒక్కో బైటులో ఉంటాయి, బైటుని 40తో గుణిస్తే ఆర్‌పీఎమ్. అంటే 25 అంటే 1,000, 50 అంటే 2,000, 75 అంటే 3,000. ఇలా క్రమంగా పెరుగుతూ పోయే పదహారు సంఖ్యల వరస కోసం కళ్లు కాయలు కాసేలా వెతికితే రెండు గంటలకి దొరికింది. అక్కడి నుంచి లెక్క వేసి చిరునామా మార్చగానే గాజు ముక్కలు పోయి దుప్పటి వచ్చింది. ఆ క్షణం కోసమే ఈ పనంతా చేయాలనిపిస్తుంది.

ఇంకో మాట, రెండు బైట్ల విలువల్లో ఈ ప్రాసెసర్ చిన్న బైటుని ముందు పెడుతుంది. ఇంధనం లెక్కకి మూలమైన కేఆర్‌కేటీఈ అనే విలువ నా ఫైల్‌లో హెక్స్‌లో 93 02 అని ఉంది. తిప్పి 0293 అని చదివితే 659, దాన్ని 0.000167తో గుణిస్తే 0.11. ఉన్నది ఉన్నట్టు చదివితే 37,634 వస్తుంది, గుణిస్తే 6 దాటుతుంది. సిలిండర్లలోకి పెట్రోల్ బకెట్లతో పోసినట్టు. డెఫినిషన్‌లో ఒక్క టిక్ మార్కు తేడా అంతే. అందుకే ఏ విలువని ముట్టుకునే ముందైనా, ఉన్న విలువ ఇంజిన్‌కి తగ్గట్టు ఉందా అని కాలిక్యులేటర్ మీద చూసుకుంటున్నాను.

మార్చి 9, రాత్రి 11

పడుకోబోతూ, నా ఫైల్‌నీ పుదుపేట ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి చూద్దామనిపించింది. ఒకే నంబర్ కదా, ఒకేలా ఉండాలి. లేవు. మూడొందల పైచిలుకు బైట్లు తేడా.

అందులో 192 బైట్లు వరసగా ఒకే చోట ఉన్నాయి. పుదుపేట ఫైల్‌లో 10 ఉన్నచోట నా దాంట్లో 14. అక్కడ 12 అయితే ఇక్కడ 16. అక్కడ 14 అయితే ఇక్కడ 18. పైనుంచి కింది వరకూ వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లాను, ప్రతి బైటూ సరిగ్గా నాలుగు ఎక్కువ. ఆ చోటు ఇగ్నిషన్ టైమింగ్ మ్యాప్, కేఎఫ్‌జెడ్‌డబ్ల్యూ. బాష్ వాళ్ల పేర్లు జర్మన్ మాటల పొట్టి రూపాలు, కేఎఫ్ అంటే కెన్‌ఫెల్డ్, మ్యాప్ అని, జెడ్‌డబ్ల్యూ అంటే ఇగ్నిషన్ కోణం. ఇందులో ఒక్కో అంకె 0.75 డిగ్రీలు. నాలుగు అంకెలంటే మూడు డిగ్రీలు. ఐడిల్‌లో మూడు, సిటీ ట్రాఫిక్‌లో మూడు, ఫుల్ లోడ్‌లో మూడు. నాకంటే ముందున్న ఓనర్లలో ఎవరో పవర్ పెంచే 'స్టేజ్ వన్' ట్యూనింగ్ అని డబ్బులు కట్టి చేయించుకున్నారు, చేసినతను మ్యాప్ మొత్తం సెలెక్ట్ చేసి ప్లస్ నాలుగు కొట్టి వదిలేశాడు. ఏ గడి దగ్గర ఇంజిన్ తట్టుకుంటుందో, ఏ గడి దగ్గర తట్టుకోదో చూసిన దాఖలా ఒక్కటి కూడా లేదు.

నిద్ర పట్టలేదు. మిగతా తేడాలు కూడా చూశాను. అత్యధిక లోడ్ హద్దు, ఎల్‌డీఆర్‌ఎక్స్‌ఎన్, ఒరిజినల్‌లో 140 దగ్గర మొదలై పై ఆర్‌పీఎమ్‌లకి వెళ్లేసరికి 120ల్లోకి దిగుతుంది. చిన్న టర్బో కదా, పైన ఊపిరి అందదని బాష్ వాళ్లే తగ్గించారు. నా ఫైల్‌లో 2,500 నుంచి చివరి వరకూ చదునుగా 165. కేఎఫ్‌ఎమ్‌ఐఆర్‌ఎల్ అనే టార్క్ మ్యాప్ చివరి నిలువులు కూడా అంతకే పెంచాడు, దానికి జోడీ అయిన కేఎఫ్‌ఎమ్‌ఐఓపీని మాత్రం ముట్టుకోలేదు. ఇంకొకటి సీడీకాట్, క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేస్తుందో లేదో చూసే పరీక్షకి స్విచ్ లాంటిది. దాన్ని 1 నుంచి 0 చేశాడు. చెక్ ఇంజిన్ లైటు వెలగనిది అందుకే కావచ్చు.

మార్చి 16

ఫైల్‌లో కనిపించింది కాబట్టి అదే కారణం అనుకోకూడదు, రోడ్డు మీద కూడా అదే కనిపించాలి. ఎంఈ7 లాగర్‌తో సెకనుకి 20 సార్లు రికార్డ్ చేశాం. ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్ ఎక్కి, మధ్యాహ్నం మూడింటికి, మూడో గేర్‌లో 2,500 నుంచి 5,000 వరకూ. 5,000 దాటితే 120 లిమిట్‌కి మరీ దగ్గరవుతుంది, అందుకే అక్కడే వదిలేస్తున్నాను. ల్యాప్‌టాప్ పట్టుకుని పక్క సీట్లో మా బామ్మర్ది.

రెండో రన్‌లో 3,100 దగ్గర "బావా, నాలుగో సిలిండర్ మైనస్ ఎనిమిదిన్నర దాకా పోయింది, మిగతావి కూడా ఆరూ ఏడూ ఉన్నాయ్" అన్నాడు. ఇంటికొచ్చి లాగ్ తెరిస్తే నాలుగో సిలిండర్ మైనస్ 8.25, ఒకటోది మైనస్ 6.75. లోపల మిశ్రమం స్పార్క్ మంట చేరకముందే పేలితే వచ్చే చప్పుడే నాక్, అది సెన్సర్‌కి వినపడగానే ఈసీయూ ఆ సిలిండర్ టైమింగ్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగేస్తుంది, తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం చిన్న చిన్న మెట్లలో నెమ్మదిగా ఇస్తుంది. అంటే మూడు డిగ్రీలు అప్పనంగా ఇచ్చినట్టు కనిపిస్తుంది కానీ, ఎండలో ఇంజిన్ ఎనిమిది తిరిగి లాక్కుంటోంది.

అసలు సంగతి మాత్రం థ్రాటిల్ నిలువులో దొరికింది. నా కాలు పెడల్ మీద పూర్తిగా ఉంది, పెడల్ 100 శాతం, కానీ థ్రాటిల్ ప్లేట్ 3,200 దగ్గర సగానికి మూసుకుంటోంది. ఇదే ఆ చొక్కా పట్టుకోవడం. ఈ ఈసీయూలో పెడల్ నేరుగా థ్రాటిల్‌ని తెరవదు, పెడల్ నొక్కడం అంటే 'ఇంత టార్క్ కావాలి' అని అర్జీ పెట్టుకోవడమే. ఆ టార్క్‌కి ఎంత గాలి కావాలో కేఎఫ్‌ఎమ్‌ఐఆర్‌ఎల్ చెప్తుంది. వచ్చిన గాలికి ఎంత టార్క్ పుట్టి ఉంటుందో కేఎఫ్‌ఎమ్‌ఐఓపీ వెనక్కి లెక్క కడుతుంది. ఒకటి ఎక్కాలు అయితే ఇంకొకటి భాగాహారం, రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. ఒకదాన్ని 165కి పెంచి రెండోదాన్ని పాతలాగే వదిలేస్తే లెక్క తేలదు, అడిగినదానికంటే టార్క్ ఎక్కువ పుడుతోందని భద్రత కోసం ఈసీయూ థ్రాటిల్ మూస్తుంది. టర్బోకి ఏ పాపం తెలియదు.

హైదరాబాద్ గురించి కూడా ఒక మాట. మనం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం, లాగ్‌లో బయటి గాలి పీడనం 950 మిల్లీబార్లు. 165 లోడ్ కోసం టర్బో తర్వాత 1,900 దగ్గర ఉంది, అంటే రెట్టింపు. సముద్రం ఒడ్డున 1,010 ఉంటుంది కాబట్టి అదే పనికి 1.88 రెట్లు చాలు. టర్బో ఇక్కడ ఎక్కువ తిరగాలి, తిరిగినకొద్దీ గాలి వేడెక్కుతుంది, వేడి గాలితో నాక్ పెరుగుతుంది.

మార్చి 23

ఒరిజినల్ ఫైల్ పెట్టే ముందు ఇంకో చిక్కు తీర్చాలి. వీసీడీఎస్ అనే డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌లో 032 గ్రూప్ చూస్తే ఇంధనం సర్దుబాటు రెండు అంకెలుగా వస్తుంది, మొదటిది ఐడిల్‌లో కలిపేది, రెండోది లోడ్ మీద గుణించేది. నా బండిలో మొదటిది ప్లస్ 6, రెండోది ప్లస్ 11. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ప్లస్ రావడం సహజమే అని నేను నేరుగా కేఆర్‌కేటీఈ పెంచేద్దామనుకున్నాను. మా మెకానిక్ అన్న ఆపాడు. "ఐడిల్‌లో గూడ ప్లస్ ఉన్నదంటే ఎక్కడో గాలి పీలుస్తున్నది తమ్మీ, ముందుగాల పొగ పెట్టి సూద్దాం" అన్నాడు.

ఆయన మాటే నిజమైంది. ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే మ్యానిఫోల్డ్ కింద నుంచి, చెయ్యి కూడా పట్టని చోటు నుంచి, సన్నగా ఊదుబత్తి పొగలా పైకి లేచింది. క్రాంక్‌కేస్ గాలి గొట్టం, ఇరవై ఏళ్ల వేడికి రబ్బరు పెళుసెక్కి, పట్టుకుంటే అప్పడంలా విరిగిపోయింది. గొట్టమూ, దాంట్లోని వాల్వూ మార్చాం. పనిలో పనిగా ఇథనాల్ తట్టుకునే ఇంధనం గొట్టాలు కూడా వేయించాను. రెండు వారాలు నడిపాక ఆ రెండు అంకెలూ మళ్లీ చూడాలి.

గాలి లీకున్న బండికి ఫైల్‌లో పెట్రోల్ పెంచి ఉంటే, రేపు గొట్టం మార్చినప్పుడు ఆ ఫైల్ తప్పయ్యేది. రిపేరు చేయాల్సినదాన్ని ఫైల్‌తో కప్పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

మార్చి 30, ఉగాది

పచ్చడి, పులిహోర, పంచాంగం. బండి పని లేదు. సాయంత్రం మాత్రం ఒక లెక్క వేశాను.

వట్టి పెట్రోల్ 1 కిలో పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. ఈ20లో ఘనపరిమాణంలో 20 శాతం ఇథనాల్, బరువులో 21 శాతం దగ్గర. సరాసరి 13.5 వస్తుంది. అంటే అదే గాలికి బరువులో దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఈ20 కాస్త చిక్కన కాబట్టి ఇంజెక్టర్ అంతే సేపు తెరిచినా బరువు కొంచెం ఎక్కువే వెళ్తుంది, అది తీసేస్తే 8 శాతం. నా ఈసీయూలో లెక్కలు 2005 నాటివి, వట్టి పెట్రోల్‌కి వేసినవి. కాబట్టి లీక్ పోయాక సర్దుబాటు ప్లస్ 8 దగ్గర ఆగితే బండిలో ఇంకే తేడా లేనట్టు.

ఏప్రిల్ 6

స్పేర్ ఈసీయూలోకి నా ఇమ్మొబిలైజర్ చిప్‌లోని 512 బైట్లు కాపీ చేశాను, లేకపోతే బండి స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఫ్లాష్‌లో దాని ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచి బండికి పెట్టాను.

032 గ్రూప్: ఐడిల్ ప్లస్ 0.4, లోడ్ ప్లస్ 7.6. కాగితం మీద వేసిన లెక్కకీ బండికీ తేడా అరశాతం లోపే. మా బామ్మర్దికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇప్పుడు కేఆర్‌కేటీఈ మార్చాలా అన్నది ఆలోచించాను. ఆక్సిజన్ సెన్సర్ ఉంది కాబట్టి ప్లస్ 7.6ని ఈసీయూ తనంతట తానే సర్దుకుంటోంది, మార్చకపోయినా నడుస్తుంది. కానీ బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఆ నేర్చుకున్నది పోతుంది, మళ్లీ నేర్చుకునేదాకా పొద్దున్నే చల్లటి స్టార్ట్‌లో ఇంజిన్ తడబడుతోంది. అందుకని 659ని 692 చేశాను, 5 శాతం. పూర్తి 8 ఇవ్వలేదు. ఏ బంకులో ఇథనాల్ ఎంత కలుస్తుందో నా చేతిలో లేదు, కాస్త తక్కువ ఉన్న పెట్రోల్ పడినా సర్దుబాటు సున్నా దగ్గరే ఉండాలని. గాలి లెక్క ఎయిర్‌ఫ్లో సెన్సర్ నుంచి వస్తుంది కాబట్టి ఈ మార్పు వల్ల లోడ్, టైమింగ్ కదలవు. ఒక్క విలువ మారినా, ఫైల్ సరిగ్గా ఉందో లేదో ఈసీయూ చూసుకునే చెక్‌సమ్ అంకెలు మారతాయి, వాటిని ఎంఈ7సమ్ అనే టూల్‌తో సరిచేసి, సరిచేసిన ఫైల్‌ని మళ్లీ దాంతోనే చెక్ చేశాను. తప్పులు సున్నా.

ఏప్రిల్ 18, గుడ్‌ఫ్రైడే సెలవు

ఫ్లాష్ రాస్తున్నాను. బ్యాటరీకి ఛార్జర్ పెట్టాను, 13.2 వోల్టులు నిలకడగా. బార్ 60 శాతం దాటింది. అప్పటిదాకా ఉక్కపోత, ఉన్నట్టుండి ఈదురుగాలి, పక్కింటి రేకులు డబడబా కొట్టుకున్నాయి, కరెంటు పోయింది. ఛార్జర్ ఆగింది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూ, పాత బ్యాటరీ ఒక్కసారిగా 11.4కి పడిపోయింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. రాయడం మధ్యలో తెగిపోయింది.

ఆ తర్వాత ఓబీడీలో ఈసీయూ పలకడం లేదు. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది, అంతే. గుండె జారిపోయింది, చేతులు చల్లబడ్డాయి. నా అసలు ఈసీయూ ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉందని గుర్తొచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. టార్చ్ వెలుగులో దాన్ని పెట్టి స్టార్ట్ చేసి బండిని షెడ్‌లోకి తెచ్చాను.

ఏప్రిల్ 19

చచ్చిన ఈసీయూని లేపే దారి బూట్ మోడ్. మూతకి ఉన్న జిగురుని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లేపాను. లోపల 44 కాళ్ల ఫ్లాష్ చిప్. దాని 24వ కాలుకి సూదిని ఆనించి, ఆ సూదిని వైరుతో గ్రౌండ్‌కి కలిపి, అలా పట్టుకుని కరెంటు ఇవ్వాలి, నాలుగైదు సెకన్లకి సూది తీసేయాలి. అప్పుడు ప్రాసెసర్ ఫ్లాష్‌లోని ప్రోగ్రామ్ జోలికి పోకుండా కేబుల్ చెప్పినట్టు వింటుంది. కాళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పక్కదానికి తగలకుండా పట్టుకోవడానికి మోచేతిని టేబుల్‌కి ఆనించి ఊపిరి బిగబట్టాను. కాళ్లు లెక్కపెట్టడం మూడుసార్లు, మొదటి కాలు గుర్తు ఏ మూల ఉందో చూసి మరీ. మూడో ప్రయత్నంలో పలికింది. ఈసారి ల్యాబ్ సప్లైని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాను. రాసి, తిరిగి చదివి, బైటు బైటు పోల్చాను. సరిపోయింది.

ఇకనుంచి టేబుల్ మీదే రాస్తాను, బండిలో రాయను.

ఏప్రిల్ 27

ఎండ నలభై దగ్గర. అదే రోడ్డు, అదే మధ్యాహ్నం మూడు, ఏసీ ఆన్, అదే బామ్మర్ది. ఒరిజినల్ టైమింగ్, ఒరిజినల్ లోడ్ హద్దు, కేఆర్‌కేటీఈ మాత్రమే మార్చిన ఫైల్.

థ్రాటిల్ మూసుకోవడం లేదు, పెడల్‌తో పాటే పూర్తిగా తెరుచుకుని అలాగే ఉంది. నాక్ వల్ల వెనక్కి లాగింది నాలుగో సిలిండర్‌లో మైనస్ 2.25, మిగతావి 1.5 లోపు. 2,500 నుంచి 5,000కి లాగ్‌లో 6.2 సెకన్లు. మార్చి 16న, ఇంతకంటే తక్కువ ఎండలో, ఆ 'స్టేజ్ వన్' ఫైల్‌తో 6.9. చొక్కా పట్టుకోవడం పూర్తిగా పోయింది. ఏ టర్బో అయితే మార్చాలన్నారో అదే టర్బో.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను: ఫిబ్రవరిలో ఒక చలి పొద్దున చేసిన రన్‌లో పాత ఫైల్ 5.7 చేసింది. అంటే చల్లటి గాలిలో, ఒక్క రన్‌కి, అది నిజంగానే ఫాస్ట్. చేసినతను బహుశా అలాంటి పొద్దునే ఒకసారి నడిపించి చూపించి డబ్బులు తీసుకున్నాడు. మే నెల మధ్యాహ్నం ఉప్పల్ రోడ్డు మీద ఈ బండిని నడిపేవాడి గురించి ఆలోచించలేదు.

బామ్మర్ది అడుగుతూనే ఉన్నాడు, "ఈ20తో ఆక్టేన్ 95 అంటున్నారు కదా బావా, ఒక డిగ్రీ అయినా ఇవ్వొచ్చు కదా" అని. వాడి ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒరిజినల్ టైమింగ్ మీదే నాలుగో సిలిండర్ మైనస్ 2.25 దగ్గర ఉందంటే, ఈ ఎండలో ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే వాడు అడిగినదానికి రివర్స్ చేశాను. ఎక్కువ లోడ్ వైపు, 2,800 నుంచి 3,400 మధ్య, నాలుగంటే నాలుగు గడుల్లో రెండేసి అంకెలు తగ్గించాను, 1.5 డిగ్రీలు. లాగ్‌లో నాక్ వచ్చిన గడులు అవే, మిగతా 188 గడులకి చెయ్యి పెట్టలేదు.

సీడీకాట్ కూడా తిరిగి 1 అయింది, ఒరిజినల్ ఫైలే కాబట్టి. 400 కిలోమీటర్లు తిరిగాను, లైటు వెలగలేదు. క్యాట్ నిక్షేపంగా ఉంది. బాగున్నదాని పరీక్షనే ఆపేశారన్నమాట. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్తే రీడింగ్ ఈసారి చాలా తక్కువ వచ్చింది.

మే 11

కుటుంబంతో బాపట్ల, సూర్యలంక బీచ్. ల్యాపీ డిక్కీలో దాచి తీసుకెళ్లాను, మా ఆవిడ చూసి ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఒక్కటే రన్. బయటి పీడనం 1,006. ఒరిజినల్ లోడ్ హద్దుతో టర్బో తర్వాత పీడనం హైదరాబాద్‌లో ఎంతో ఇక్కడా దాదాపు అంతే, 1,600కి కొంచెం అటూఇటూ, ఎందుకంటే ఈసీయూ లెక్క చూసుకునేది సిలిండర్లోకి వెళ్లే గాలిని. మారింది టర్బో పీడనాన్ని హద్దులో ఉంచే వేస్ట్‌గేట్‌ని నడిపే వాల్వ్ డ్యూటీ, ఇంటి దగ్గరకంటే ఇక్కడ స్పష్టంగా తక్కువ. టర్బోకి ఇక్కడ పని తేలిక. నాలుగో సిలిండర్ మైనస్ 0.75, మిగతా మూడూ సున్నా. 032 గ్రూప్‌లో ఐడిల్ 0.2, లోడ్ ప్లస్ 2.4. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు లీటరుకి 13.1 ఇచ్చింది.

మిగిలిన పని ఫైల్‌లో లేదు. ఎండలో వెంటవెంటనే మూడు రన్‌లు చేస్తే ఇన్‌టేక్ గాలి వేడి 66 డిగ్రీలకి పోతోంది. ఇంటర్‌కూలర్ ముందు చక్రం పక్కన, బంపర్ మూలలో ఇరుక్కుని ఉంటుంది, చేత్తో తడిమితే రెక్కల మధ్య ఇరవై ఏళ్ల మట్టి గట్టిపడి తగిలింది. వచ్చే ఆదివారం బంపర్ దించి దాన్ని కడుగుతున్నాం. మెకానిక్ అన్న పొద్దున్నే ఏడింటికి రమ్మన్నాడు.